మన పాఠములలోని డేగ

వేటాడు పక్షులను గూర్చి తెలుగులో వ్రాయువారు తరచు రెండు మాటలతోనే సరిపెట్టుకొనుచున్నారు: డేగ, గద్ద. ఫాల్కన్ అన్నను డేగయే, హాక్ అన్నను డేగయే. ఈగిల్ గద్ద, కైట్ కూడ గద్దయే. కథ చెప్పునప్పుడు దీనివలన నష్టము లేదు. శిబి చక్రవర్తి యొద్దకు పావురమును తరుముకొని వచ్చిన డేగ ఏ కుటుంబమునకు చెందినదని ఎవరును అడుగరు. కోడిపందెములవారు ఒక రంగు పుంజునే డేగ యందురు. అది వారి యిష్టము. కాని జంతుశాస్త్ర పాఠములో కూడ ఇదే పద్ధతి సాగినచో, విద్యార్థికి అందవలసిన విషయమే అందకుండ పోవును.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడి చేలనే తీసికొందము. శీతకాలమున అక్కడ గాలికి ఎదురు తిరిగి, రెక్కలు వడిగా ఆడించుచు, ఆకాశములో ఒకేచోట నిలిచి నేలను పరికించు పక్షి కనబడవచ్చును. వీపు ఇటుక రంగుగా ఉండి, రెక్కలు కొనదేరి, తోక పొడవుగా ఉన్నచో అది కెస్ట్రెల్, ఫాల్కన్ కుటుంబములోనిది. అట్టి చేలమీదనే, అదే విధముగా గాలిలో నిలుచు మరియొక పక్షి కలదు. దాని రొమ్ము తెలుపు, భుజములు నలుపు, కన్నులు ఎరుపు. ఇది నల్లభుజముల కైట్; హాకులు, ఈగిళ్లు చేరిన కుటుంబములోనిది. ఎలుకలు, మిడుతలు రెండింటికిని ఆహారమే. బ్రతుకుతెరువు ఒకటే, చుట్టరికము మాత్రము దూరము.

ఎంత దూరమో 2008లో స్పష్టమైనది. ఆ సంవత్సరము 169 జాతుల పక్షుల డి.ఎన్.ఏ.ను పోల్చి ప్రకటించిన పరిశోధనలో, ఫాల్కన్లకు దగ్గరివారు హాకులు కావనియు, చిలుకలు, పిచ్చుకల వంటి పక్షులనియు తేలినది. తరువాతి పరిశోధనలును దానినే బలపరచినవి. వంకర ముక్కు, వాడిగోళ్లు మాంసాహారము వలన రెండు వంశములలో వేరువేరుగా ఏర్పడినవి. చంపు తీరులో ఈ భేదము నేటికిని కనబడును. హాకు తన గోళ్లతో పిసికి చంపును. ఫాల్కన్ పట్టుకొని, మెడ కొరికి చంపును. అందులకు తగినట్లు దాని పై ముక్కు అంచున పంటివంటి మొన యుండును. పూర్వపు శాస్త్రజ్ఞులలో పెక్కుమంది కూడ ఈ పక్షులను ఒకే క్రమములో ఉంచిరి గనుక పాత పుస్తకములను తప్పుపట్టుట న్యాయము కాదు. నేటికిని “వంకర ముక్కు గల పక్షులు” అని ఒక వాక్యముతో ముగించు పాఠమును మాత్రము తప్పక ప్రశ్నింపవలెను.

తెలుగున మాటలు లేవన్న సాకు నిలువదు. మద్రాసు సైన్యమున వైద్యుడై, నెల్లూరులో పనిచేసిన జెర్డన్, 1862-64లలో ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథములో తెలుగు పేర్లను కూడ వ్రాసినాడు. లగ్గర్ ఫాల్కన్‌కు లగడు అని ఉన్నది. కెస్ట్రెల్‌కు తొండలను చంపు గద్ద అను అర్థము వచ్చు పేరు ఉన్నది. గద్ద యనుట వంశమును బట్టి పొరపాటే యైనను, తొండలను గమనించిన ఆ కన్ను మెచ్చదగినది. విజయనగరమును 1485 నుండి 1491 వరకు ఏలిన నరసింహుని వంశనామమైన సాళువ కూడ వేటడేగ పేరే. ఇన్ని యుండగా శ్యేనము అని సంస్కృతమునకు పోవుటవలన ప్రయోజనమేమి? అదియు డేగవలెనే అన్నింటిని కలిపివేయు మాట.

ఇది కేవలము మాటల తగవు కాదు. లగడు భారత ఉపఖండపు పక్షి. మెట్ట మైదానములు దాని తావు. అంతర్జాతీయ జాబితాలలో అది ప్రమాదమునకు చేరువైన జాతిగా నమోదైనది. పురుగుమందులు ఒక కారణము. పెద్ద ఫాల్కన్లకు ఎరగా వాడుటకై పాకిస్తానులో దానిని పట్టుట మరియొకటి. పురుగుమందులు ఫాల్కన్ల గ్రుడ్ల పెంకును పలుచన చేయునని బ్రిటనులో రాట్‌క్లిఫ్ 1967లో చూపినాడు. ఆదోని ప్రత్తికి పేరుపొందిన ఊరు. ప్రత్తికి మందు కొట్టని రైతు అరుదు. ఆ చేలపై లగడు తగ్గినచో ఎవరు చెప్పగలరు? చెత్తకుప్పలమీద తిరుగు గద్దలను చూచి, డేగలకేమి, కావలసినన్ని ఉన్నవని అనుకొనుటకు మన పాఠమే వీలు కల్పించుచున్నది.

గుర్తుపట్టుట కష్టము కాదు. తోటలలో తరచు కనబడు శిక్రా చిన్న హాకు. రెక్కలు పొట్టిగా, గుండ్రముగా ఉండును, పెరిగిన పక్షికి కన్ను పసుపు లేక ఎరుపు. ఫాల్కన్ రెక్క పొడవై కొనదేరి యుండును, కన్ను ముదురు గోధుమ రంగు. తీగెపై కూర్చున్న పక్షిని చూపి ఉపాధ్యాయుడు మొదట కంటి రంగును, పిదప ఎగిరినప్పుడు రెక్క కొనను అడిగినచో చాలును. పేరు తరువాత చెప్పవచ్చును.