పిడికెడు బియ్యం, ఒక పల్లవి

మా అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. పొయ్యి మీద ఎసరు మరిగేలోగా బియ్యం కొలిచేది. అందులోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో పోశాకే మిగతావి కడిగేది. చెయ్యి ఆడుతున్నంతసేపూ నోట్లో కీర్తన ఆడుతూనే ఉండేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది. మేం పప్పు లేకుండా పచ్చడితో తిన్న వారాలున్నాయి గానీ డబ్బా ఖాళీగా వెళ్లిన వారం లేదు. ఈ కాలంలో క్రీస్తు శిష్యుడిగా బతకడం ఎలా అంటూ ఈమధ్య ఎక్కడ చూసినా సదస్సులే. ఆ మాట వినగానే నాకు ఆ పిడికిలీ, ఆ పల్లవీ గుర్తొస్తాయి.

శిష్యుడంటే ఎవరో సంగీతం నేర్చిన ఇళ్లలో అడగండి. సరళీ వరసలు గొంతు అరిగేదాకా పాడినవాడు. ఒకపూట సభలో చెయ్యెత్తి తీర్మానం చేసుకుంటే పాట రాదు. క్రీస్తు శిష్యరికమూ అలాంటిదే. తెలుగు క్రైస్తవులకు ఆ సాధన చేయించిన పుస్తకం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. బాప్తిస్టులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘంవాళ్లు ఎవరి గుడి వాళ్లు కట్టుకున్నా, చంకలో ఉన్న పుస్తకం మాత్రం అదే.

దాన్ని తెరిచి చూడండి. పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి. చాలా పాటలకు ‘ఛాయ’ అని మరో పాట పేరుంటుంది, ఆ వరసలో పాడుకోమని. స్వరలిపి అక్కర్లేదు, ఒక వరస వస్తే దాని ఛాయలో ఉన్నవన్నీ వచ్చినట్టే. చదువురాని పల్లెకు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఎవరు చెయ్యగలరు? ఉపదేశిగారు ఒక్కో చరణం అందిస్తే జనం అందుకునేవారు. చరణం ముగిసిన ప్రతిసారీ పల్లవికి రావాలి. అంటే చెప్పిన సంగతి ఎంత దూరం వెళ్లినా మొదట పెట్టుకున్న మొర దగ్గరికి మళ్లీ వచ్చి నిలబడాలి. ప్రాస, యతి అలంకారం కోసమే అనుకునేవాళ్లు పొరపాటు పడుతున్నారు. పుస్తకం లేని మనిషికి తరవాతి పాదాన్ని గుర్తుచేసే కొక్కేలు అవే. ఇక పాటల విభాగాలు చూస్తే క్రీస్తు జననం, శ్రమలు, పునరుత్థానం మాత్రమే కాదు. ఉదయం, సాయంత్రం, పెళ్లి, సమాధి దాకా ఉన్నాయి. మనిషి బతుకులో పాటలేని మూల మిగల్లేదు.

ఈ పుస్తకానికి పెద్దదిక్కు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890). నేను బాప్తిస్టు ఇంట పుట్టినవాణ్ణి, ఆయన మీద నాకు పక్షపాతం ఉంది, దాచను. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పురాణాలు, పద్యాలు నోటికొచ్చిన మనిషి ఆ సంపదంతా తెచ్చి క్రీస్తు పాదాల దగ్గర కుమ్మరించాడు. ‘త్రాహి’, ‘దేహి’ అన్న మాటలు ఆయన చేతిలో మోకాళ్ల మీద నిలబడ్డాయి. ఒకే పాటలో ‘గవ్వ’ అనే సంత మాటా, ‘కర్మేంద్రియాలు’ అనే వేదాంత మాటా పక్కపక్కన కూర్చుంటాయి, రెండూ ఇబ్బంది పడవు. ఇంకో విశేషం నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది. సంస్కృతం చెవిన పడకూడదన్న ఆంక్ష కింద బతికిన జనం, మాలపల్లెలో, మాదిగపల్లెలో, ఆ మాటలను సొంత మొరగా ఎత్తుకుని పాడారు. ఏ ఉపన్యాసం చేసింది ఆ పని?

మరో కీర్తనకారుడు మాసిలామణిగారి నావ పాట వేరే తరహా. రాత్రంతా శ్రమపడి వట్టి చేతులతో ఒడ్డు చేరిన జాలరి కథ లూకా సువార్తలో ఉంది. ఆయన ఆ పడవనే బతుకు చేశాడు. పల్లవిలో ‘న’కారం తెడ్డు వేసినట్టు పడుతుంది. పాడుతున్నవాడు ఓటమి ఒప్పుకోకుండా లోతుకు వెళ్లలేడు, అదీ దాని కట్టుబడి. 1938లో బైబిలు మిషను స్థాపించిన దేవదాసు అయ్యగారి పాటలు వేరొక ఊట. ఇక్కడ ఒక్క మాటతో దాటేస్తున్నందుకు ఆయన అభిమానులు మన్నించాలి.

శిష్యరికం పాటతోనే ఆగలేదు, ఆ చరిత్ర తెలిసిందే. ధాతు కరువు తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మం జరిగింది. ఒంగోలు మిషనరీ దొర క్లౌ పేరు అందరూ చెబుతారు. అంతకు ముందే కాలినడకన ఊరూరా తిరిగి సువార్త చెప్పిన యెర్రగుంట్ల పేరయ్యను తలిచేవాళ్లు తక్కువ. దోర్నకల్లు బిషప్ అజరయ్య కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత, తమ తల మీదే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారట. శిష్యరికం మొదటి పాఠం అది.

మరి ఇప్పుడో? వేదిక మీద పొగ, రంగు దీపాలు, గోడ నిండా దైవజనుడి ముఖంతో ఫ్లెక్సీ. పాటలో క్రీస్తు కన్నా ‘నేను’ ఎక్కువ. నాకు ఇల్లివ్వు, నాకు వీసా ఇవ్వు, నా శత్రువు ముందు నన్ను నిలబెట్టు. సిలువ ఎత్తుకోమన్న గురువుకి మనం కోరికల చీటీ రాసి పంపుతున్నాం! కీబోర్డు కుర్రాడు ట్రాక్ నొక్కితేనే సంఘం నోరు తెరుస్తుంది. కరెంటు పోతే ఆరాధనా పోతుంది. తబలా మూట కట్టి అటక మీద పడేశారు. జనం పాడటం మానేసి, ఫోన్లు పైకెత్తి చూస్తున్నారు. శిష్యులు ప్రేక్షకులైపోయారు.

పాతవాళ్లూ వరసలు అరువు తెచ్చుకున్నారు కదా, సినిమా వరస తెస్తే తప్పేమిటని మా మేనల్లుడు నాతో వాదిస్తాడు. న్యాయమైన ప్రశ్నే, ‘ఛాయ’ అంటే అరువే మరి. కానీ అరువు తెచ్చిన వరస మీద చౌదరిగారు తన సొంత పశ్చాత్తాపాన్ని కూర్చోబెట్టారు. ఇప్పటివాళ్లు వరసతో పాటు ఆ సినిమా మోజునూ తెచ్చుకుని, ‘ప్రియా’ ఉన్నచోట ‘ప్రభూ’ అతికిస్తున్నారు. కొత్తగా రాసేవాళ్లలో మంచివాళ్లు లేరనను. ఉన్నారు, వాళ్లకు మైకు దొరకడం లేదు.

అయ్యగార్లకు, సంఘపెద్దలకు ఒక మనవి. నెలకొక్క ఆదివారం సౌండు పెట్టె కట్టేయండి. ముందు వరసలో చాప మీద కూర్చునే ముసలమ్మల చేత పాడించండి, ఫోన్లు అప్పుడు ఎత్తండి. ఇది ఎవరినో తప్పుపట్టడానికి అనడం లేదు. అమ్మమ్మ పాడిన ఉదయ కీర్తన నేనూ రికార్డు చేసుకోలేదు. మొన్న పుస్తకంలో వెతికితే దొరికింది. రాగం పేరుంది, తాళం ఉంది. ఛాయ అని ఇచ్చిన పాట మా సంఘంలో అందరినీ అడిగాను. అది కూడా ఎవరికీ రాదు.