ఆండీస్ గిరులలోని ఓక్ వృక్షము

ఓక్ అనగానే మనలో పెక్కుమందికి ఆంగ్ల వాచకములలోని బొమ్మయే స్ఫురించును. అంచులు వంపులు వంపులుగా తెగిన ఆకు, చిన్న గిన్నెలో ఒదిగిన కాయ, చలికాలమున ఆకులన్నియు రాల్చి మోడై నిలుచు మ్రాను ఆ బొమ్మలో నుండును. నిఘంటుకారులు సింధూరవృక్షమని పేర్కొనిన ఈ జాతి మన తెలుగు కొండలలో సహజముగా పెరుగునది కాదు గనుక ఆ బొమ్మను సరిదిద్దుకొను అవకాశమును మనకు తక్కువ. కాని భూమధ్యరేఖకు చేరువనున్న కొలంబియా దేశములో, ఆండీస్ పర్వతముల మంచు మబ్బులు కమ్ముకొను వాలులయందు, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తు మొదలుకొని 3000 మీటర్లు దాటువరకు, ఆ బొమ్మతో పోలికయే లేని ఓక్ వృక్షమొకటి అడవులకు అడవులుగా వ్యాపించియున్నది. అది ఏడాది పొడవునను పచ్చగా నుండును; దాని ఆకునకు కోతలు లేవు, రంపపు పండ్లును లేవు. స్థానికులు దానిని రోబ్లె అందురు; శాస్త్రజ్ఞులు క్వెర్కస్ హంబోల్టియై అందురు. దక్షిణ అమెరికా ఖండమున సహజముగా పెరుగు క్వెర్కస్ జాతి ఇదియొక్కటియే.

1801లో హంబోల్ట్, బాంప్లాన్ అను పర్యాటక పండితులిరువురు బొగోతా నగరము చేరి, ఆ దేశపు వృక్షసంపదను 1783 నుండి ఒక రాచకార్యముగా చిత్రింపజేయుచున్న మూతిస్‌ను దర్శించిరి. స్వదేశము చేరిన పిమ్మట, 1809లో, బాంప్లాన్ ఈ వృక్షమునకు తన సహచరుని పేరిడి శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. ఆయనయే తోలిమా ప్రాంతపు ఓక్ వేరొకజాతి యనియు, అల్మగేర్ ప్రాంతపుది మరియొక జాతి యనియు వర్ణించెను. తరువాతి వారు ఇంకను కొన్ని పేర్లు చేర్చిరి. వేర్వేరు కొండలనుండి వచ్చిన ఎండుకొమ్మలను పక్కపక్కన పరచి చూచినప్పుడు అవన్నియు ఒకే జాతిలోని వైవిధ్యమని నేటి వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆకు ఒక్కటియే సాక్ష్యముగా తీర్పు చెప్పరాదన్నది ఈ విద్యయందు మొదటి పాఠము. ఒకే మ్రానున ఎండ తగులు కొమ్మ ఆకు కురుచగా దళసరిగా నుండగా, నీడకొమ్మ ఆకు పొడవుగా పలుచగా నుండవచ్చును. నరికిన మోటునుండి లేచిన చిగురు ఆకు ఈ రెంటిని పోలక మరియొక తీరున నుండవచ్చును.

కావున గుర్తింపదలచినవాడు ముందు ఆకును విడిచి కొమ్మకొనను చూడవలెను. ఓక్ జాతులన్నిటియందును కొనమొగ్గ ఒంటిగా నుండదు. దాని చుట్టును చిన్న పొలుసుల మొగ్గలు గుంపుగా చేరియుండును. అందుచేతనే ఆకులును కొనయొద్ద గుత్తిగా కనబడును. పిమ్మట ఆకు: చివర సన్నగిలి, అంచు నునుపుగా, తోలువలె గట్టిగా, సామాన్యముగా 10 నుండి 20 సెంటీమీటర్ల పొడవున నుండును. పూతకాలమున మగపువ్వులు దారములవలె వ్రేలాడును. ఆడపువ్వులు ఆకుపంగలలో కంటికి ఆననంత చిన్నవి.

నిశ్చయమైన సాక్ష్యము కాయయందున్నది. గిన్నెనుండి కాయను ఊడదీసి, చిన్నకత్తితో నిలువుగా కోసి, పప్పును తొలగించి పెంకు లోపలితట్టును భూతద్దముతో చూచినచో, అచ్చట పట్టువంటి నూగు దట్టముగా పరచుకొని యుండును. ఎర్ర ఓక్‌లనబడు శాఖకు ఇది ప్రధాన లక్షణము. తెల్ల ఓక్‌ల పెంకు లోపల సాధారణముగా నునుపుగా నుండును. కాయలో ఆరు అండములుండగా ఒక్కటియే విత్తనమగును. ఎండిపోయిన తక్కిన అయిదును ఎర్ర శాఖయందు పైకొనన, తెల్ల శాఖయందు అడుగున కనబడును.

ఈ పరీక్ష వలని ప్రయోజనము ఊయిలా, సాంతాందేర్ ప్రాంతముల అడవులలో స్పష్టమగును. అచ్చట నల్లరోబ్లె అను మరియొక మహావృక్షము కలదు. శాస్త్రలోకము దానిని 1979లో మాత్రమే వర్ణించి ట్రైగోనోబలానస్ ఎక్సెల్సా అని పేరిడినది. దూరమునుండి చూచువానికి అది ఓక్ వలెనే తోచును. కాని దాని తొడిమగిన్నె రెక్కలుగా విచ్చుకొనును, అందులో ఒక్క గుండ్రని కాయకు బదులు మూడు పలకల చిన్నకాయలు అనేకముండును. ఇది ఓక్‌లకు జ్ఞాతియే కాని క్వెర్కస్ కాదు.

గుర్తింపు వలన చరిత్రయును తెలియుచున్నది. బొగోతా పీఠభూమి ఒకప్పటి సరస్సు. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న బురదయందు పుప్పొడి చెడక నిలిచియున్నది. వాన్ డెర్ హామెన్ అను పండితుడును, ఆయన అనుయాయులును ఆ బురదను లోతుగా తొలిపించి పరిశీలింపగా, అడుగుపొరలలో ఓక్ పుప్పొడి లేదు. కొన్ని లక్షల సంవత్సరముల ఇటీవలి పొరలలోనే అది కనబడినది. పనామా భూసంధి ఏర్పడిన ఎంతో కాలమునకు ఉత్తరమునుండి వచ్చిన అతిథి ఈ వృక్షము. అతిథికి తగినట్లే దీని తీరును వేరు: వేళ్లను తొడుగువలె కప్పి ఆహారమందించు శిలీంధ్రములపై ఓక్ ఆధారపడును. ఉష్ణమండలపు చెట్లలో అధికభాగమునకు అట్టి సాంగత్యము లేదు.

దృఢమైన కలప, మంచి బొగ్గు నిచ్చుటయే దీనికి ముప్పైనది. కంచెగుంజలకును బొగ్గుబట్టీలకును అడవులు తరుగుచుండగా, 1974లో కొలంబియా ప్రభుత్వము దీనిని నరకుటపై నిషేధము విధించినది. ఏది రోబ్లెయో తేల్చలేని వనరక్షకునిచేత అట్టి శాసనము నిరర్థకమగును గదా!

నారు పెంచువారికిని ఈ విద్యయే ఆధారము. ఓక్ విత్తు ఎండినచో చచ్చును; కనుక నిల్వ చేయక, ఏరినవెంటనే నీటిలో పోసి, తేలిన తాలును పురుగుకాయలను పారవేసి, మునిగినవానిని నాటవలెను. ఒక్క చెట్టు క్రింద రాలినవానితో సంచి నింపుకొనుట సులభము, కాని తగదు. వేర్వేరు ఎత్తులనుండి, అనేక వృక్షములనుండి ఏరవలెను. పూర్వపండితులచేత ఒక్కజాతికి పలుపేర్లు పెట్టించిన ఆ వైవిధ్యమే, వేడియు చలియు మారుచున్న కొండలపై ఈ జాతి నిలద్రొక్కుకొనుటకు గల మూలధనము.