కుర్చీలోంచి లేచే తీరు

చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. నాలుగు మీటర్లు మామూలుగా నడవాలి. ఒక పాదం ముందు మరో పాదం ఆనించి పది సెకన్లు తూలకుండా నిలబడాలి. పెద్దవారి ఒంటి సత్తువను చూసే ఈ పరీక్షలో మూడింటికీ కలిపి 12 మార్కులు. చూసేవాళ్ళకు ఒక గడియారం, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఆ ఓపికకే కరువు. గుండె నీరసించిన (హార్ట్ ఫెయిల్యూర్) పెద్దాయన ఇంట్లో ఉంటే, ఎకోలో గుండె పంపింగ్ ఎంత శాతమో ఇంటిల్లిపాదీ అడుగుతారు. ఆయన మంచం దిగి గుమ్మం దాకా ఎలా వచ్చారని అడిగేవాళ్ళు తక్కువ.

2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం వృద్ధాప్యపు నిస్సత్తువకు ఐదు గుర్తులు చెప్పింది. అనుకోకుండా బరువు తగ్గడం, ఎడతెగని అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే అది ‘ఫ్రెయిల్టీ’. హార్ట్ ఫెయిల్యూర్‌లో మొదటి గుర్తే మోసం చేస్తుంది. ఒకపక్క కండ కరుగుతుంటే మరోపక్క ఒంటికి నీరు పడుతుంది, తూకంలో తేడా తెలియదు. మాత్రలతో వాపు దిగాక గానీ ఎంత చిక్కిపోయారో బయటపడదు.

ఇది వయసు తెచ్చిన మామూలు నీరసమని వదిలేయడం తప్పు. పలు అధ్యయనాలను కలిపి చూస్తే, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారిలో సగానికి కాస్త తక్కువమందికి ఈ నిస్సత్తువ ఉంది. వారికి మరణం ముప్పు, ఆస్పత్రిలో చేరే ముప్పు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. ఇంత నీరసంగా ఉన్నవారికి కొత్త మందులెందుకని వెనకాడటమూ సరికాదు. అలాంటి మందుల్లో ఒకటైన డాపాగ్లిఫ్లోజిన్ మీద జరిగిన డాపా-హెచ్ఎఫ్ పరీక్షలో నిస్సత్తువ ఎక్కువున్నవారికీ మేలు తగ్గలేదు.

2021లో డలేన్ కిట్జ్‌మన్ బృందం వెలువరించిన రీహాబ్-హెచ్ఎఫ్ అధ్యయనం ఫలితాలు మరింత ఆశ కలిగిస్తాయి. గుండె నీరసించి ఆస్పత్రిలో చేరిన, అరవై దాటిన 349 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతావారికి దానితోపాటు ఒక్కొక్కరి శక్తిని బట్టి తీర్చిన వ్యాయామం. మూడు నెలలకు మొదట చెప్పిన 12 మార్కుల పరీక్షలో వ్యాయామం చేసినవారికి 8.3, మామూలు వైద్యం పొందినవారికి 6.9. అర మార్కు పెరిగినా రోజువారీ జీవితంలో తేడా తెలుస్తుంది. ఆరు నెలల్లో మళ్ళీ ఆస్పత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అయినా ఒకరి చెయ్యి పట్టుకోకుండా లేవగలగడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

ఆ వ్యాయామాన్ని ట్రెడ్‌మిల్‌తో మొదలుపెట్టలేదు. తూలకుండా నిలబడటం, కాళ్ళలో బలం, కదలిక, వీటి వెంటే నడక. వీలైనవారికి ఆస్పత్రి మంచం దగ్గరే ఆరంభించారు. కాళ్ళ బలానికి చేయించిన వాటిలో ముఖ్యమైనది, కుర్చీలోంచి మళ్ళీ మళ్ళీ లేవడం.