గాలానికి అందని తమ్ముడు

తెలుగులో ఒకడికి గాలం వెయ్యడమంటే వాణ్ణి బుట్టలో పడెయ్యడమే. ఎర చూపడమూ అంతే. అందుకే నార్మన్ మక్లేన్ 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' (1976) చేతిలోకి తీసుకున్న గుంటూరు, ఒంగోలు పాఠకుడికి మొదటి పేజీల్లోనే తికమక. ఇందులో గాలం ఇంటిల్లిపాదికీ దాదాపు మతం. మోంటానాలో పాస్టరు అయిన తండ్రి ఇద్దరు కొడుకులకీ బైబిలుతో పాటు గాలం విసరడమూ నేర్పుతాడు, అదీ సంగీతం మేష్టార్లా మెట్రోనోమ్ పెట్టి, నాలుగు లెక్కల తాళంలో.

వాళ్ళు వాడేది నిజం ఎర కాదు, ఈకా దారమూ కొక్కేనికి చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ. పట్టేది ట్రౌట్. చల్లటి నీళ్ళ చేప. మన దేశానికి ఇంగ్లీషువాళ్ళు తెచ్చి కాశ్మీరులో, నీలగిరుల్లో పెంచారు గానీ మన గుండ్లకమ్మలో ఏప్రిల్ ఎండకి బతకదు. కొమ్మమూరు కాలవ గట్టున కూచునేవాడికి కావలసింది జెల్లో కొరమీనో. కొక్కేనికి గుచ్చేది ఎర్ర, అంటే వానపాము. మక్లేన్ ఇంట్లో వానపాముతో చేపలు పట్టేవాడు కులం తక్కువ! ఈ లెక్కన మనమంతా అంటరానివాళ్ళమే.

ఆ వానపాముల డబ్బా పట్టుకుని 1937 వేసవిలో బావమరిది నీల్ దిగుతాడు. అతన్ని చేపలకి తీసుకెళ్ళమని భార్యా అత్తగారూ నార్మన్ మెడకి చుడతారు. ఏటి దగ్గర నీల్ చేపలు పట్టడు, తాగి ఇసకలో బట్టల్లేకుండా నిద్రపోయి ఒళ్ళంతా కాల్చుకుంటాడు. పడీపడీ నవ్వుతాం. నవ్వుతుండగానే అసలు సంగతి తగులుతుంది. ఇంట్లో అందరూ నీల్‌కి ఎలా సాయం చెయ్యాలా అని తలపట్టుకుంటున్నారు. అదే సమయంలో అప్పుల్లో, తాగుడులో, పేకాటలో కూరుకుపోతున్న తమ్ముడు పాల్‌ని ఎలా అడగాలో నార్మన్‌కి తెలియడం లేదు. గాలం విసరడంలో పాల్‌ని మించినవాడు లేడు. అంత పనిమంతుణ్ణి పట్టుకుని "నీకేమన్నా సాయం కావాలా" అని ఎలా అడుగుతాం?

ఈ పుస్తకం మన నేల మీద కాలు పెట్టేది ఇక్కడే. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసినప్పుడు అప్పులపాలైన రైతులు పురుగుమందు తాగారు. అలాంటి ఇళ్ళలో అన్న అప్పు తమ్ముడికి తెలీక కాదు. మిర్చి కల్లంలో పక్కపక్కనే కూచుని తాలుకాయలు ఏరుతూ పొద్దుగూకేదాకా ధర గురించీ తేమ గురించీ మాట్లాడుకుంటారు. అప్పు మాట తప్ప అన్నీ వస్తాయి. మక్లేన్ అన్నదమ్ములు ఏ ఈగకి చేప లేస్తోందో చెప్పుకోవడం అచ్చంగా ఈ మాటల్లాంటిదే.

చివరిసారి ముగ్గురూ కలిసి ఏటికి వెళ్ళిన రోజుని ఎన్నో పేజీలు రాసిన మక్లేన్, పాల్ హత్యని కొన్ని వాక్యాల్లో తేల్చేస్తాడు. (నిజంగానే అతని తమ్ముణ్ణి 1938లో షికాగోలో చంపేశారు.) చేతి ఎముకలు విరిగాయని తెలిశాక తండ్రి అడిగేది అది ఏ చెయ్యి అని. కుడిచెయ్యి. పాల్ గాలం విసిరే చెయ్యి. ఈ ఒక్క ప్రశ్న కోసం వెనకున్న చేపల వేట పాఠాలన్నీ భరించొచ్చు. రచయితకి అప్పటికి 73 ఏళ్ళు, అదే మొదటి కథల పుస్తకం. కథల్లో చెట్లున్నాయని న్యూయార్క్ ప్రచురణకర్త ఒకాయన తిప్పి పంపాడట.

రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 1992లో తీసిన సినిమాకి ఛాయాగ్రహణంలో ఆస్కార్ వచ్చింది. నాకు మాత్రం ఆ బంగారు వెలుగు ఎక్కువైంది. పుస్తకంలోని ఎకసెక్కెం అందులో కరిగిపోయింది.

పుస్తకంలోనూ లోటుంది. పాల్‌తో పాటు లాకప్‌లో ఉన్న షైయెన్ సంతతి అమ్మాయిని నార్మన్ చూసే చూపు ఇవాళ చదివితే ఇబ్బందే. ఏటిలో ఆడవాళ్ళకి చోటు లేదు. కొడుకు చావు విన్న తల్లి తన గదిలోకి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడూ వాడి గురించి ఒక్క మాటా అడగదు. మక్లేన్ ఆ తలుపు తియ్యలేదు. నేనైతే ఆ గదిలో ఇంకో వంద పేజీలు చదివేవాణ్ణి.