అరగంట కుదరని గడియారం

దుబాయిలో పొద్దున పదైతే మా టేక్మాల్‌లో పదకొండున్నర. రియాద్‌లో పదైతే ఇక్కడ పన్నెండున్నర. సింగపూర్‌లో పదైతే మనకింకా ఏడున్నరే. లండన్ పోయినా, న్యూయార్క్ పోయినా ఆ అరగంట మాత్రం వెంట వస్తుంది. పిల్లల్ని గల్ఫ్‌కో అమెరికాకో పంపిన ఇండ్లల్లో ఈ లెక్క ముసలమ్మలకు కూడా నోటికి వచ్చు. పైలట్ల కోసమని చేసిన లక్షల రూపాయల స్విస్ వాచీలకే రాదు.

ప్రయాణాలకు పనికొస్తుందని, ఒకరు వాడిన పైలట్ వాచీ కొందామని ఈ మధ్య హైదరాబాద్‌లో షాపులు తిరిగాను. ఎక్కడికి పోయినా ముందు చేతికిచ్చేది జీఎంటీ మోడలే. మామూలు ముళ్లకు తోడు అందులో ఇంకో ముల్లు ఉంటుంది. అది రోజు మొత్తానికి ఒకే చుట్టు తిరుగుతుంది. 1950లలో పాన్ అమెరికన్ విమానాలు సముద్రాలు దాటించే పైలట్ల కోసం రోలెక్స్ చేసిన జీఎంటీ మాస్టర్‌తో దానికి పేరొచ్చింది. పైలట్‌కు దిగే ఊరి టైం ఒకటి కావాలి, ఆకాశంలో అందరూ పాటించే గ్రీనిచ్ టైం, అంటే జీఎంటీ, ఒకటి కావాలి. లండన్, పారిస్, న్యూయార్క్‌ల నడుమ తేడా ఎప్పుడూ నిండు గంటలే కాబట్టి నిమిషాల ముల్లు ఒక్కటే అన్ని ఊళ్లకూ సరిపోయింది.

మన దగ్గరికొచ్చేసరికి సరిపోదు. షాపులోనే కూచుని తిప్పి చూశాను. పెద్ద ముళ్లు దుబాయి టైంకు పెట్టి, అదనపు ముల్లును మన టైంకు తెద్దామని చావి లాగి తిప్పితే, అది టిక్కుమని గంట గంటకే దూకుతుంది. పదకొండు మీద ఆగుతుంది, కాదంటే పన్నెండు మీద. నడుమ నిలవదు. ‘అరగంట అటూ ఇటూ అయితే ఏముంది సార్’ అన్నాడు సేల్స్‌మన్. ఆ అరగంటలోనే శంషాబాద్‌లో బోర్డింగ్ గేటు మూసేస్తారు మరి.

చిత్రమేమంటే దీనికి మందు పాత వాచీల్లోనే ఉంది. తొలినాటి జీఎంటీలలో డయల్ చుట్టూ ఉండే 24 గంటల చక్రం, అదే బెజెల్, నొక్కులు లేకుండా ఎక్కడంటే అక్కడ ఆగేది. గంటన్నర జరిపితే గంటన్నర దగ్గరే నిలబడేది. ఇప్పుడొచ్చే వాటిలో చాలావాటికి చక్రం చుట్టూ సరిగ్గా 24 నొక్కులు, గంటకొకటి. తయారీ నాణ్యత పెరిగింది, హిందుస్థాన్‌కు పనికిరావడం తగ్గింది. కానీ ఆ పాతవి సేకరించేవాళ్ల చేతుల్లో పడి వాటి ధర నాబోటివాడికి అందనంత ఎత్తుకు పోయింది. నేపాల్‌ది గ్రీనిచ్‌కు ఐదూ ముప్పావు గంటల తేడా. ఖాట్మండులో ఈ జీఎంటీలు ఎట్లా అమ్ముతున్నారో!

ఇంతకీ ఈ అరగంట ఎక్కడిదంటే, మన టైంకు కొలత 82½ డిగ్రీల రేఖాంశం. అది తెలుగు నేల మీద కాకినాడ దగ్గర దాటుతుంది. 1906 నుంచి గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందుండడం ఆ గీత పుణ్యమే. టేక్మాల్ దానికి పడమరన సుమారు నాలుగున్నర డిగ్రీల దూరం. అంటే వాచీలో పన్నెండు కొట్టిన దాదాపు 18 నిమిషాలకు గానీ, సగటున, మన నడినెత్తి మీదికి పొద్దు రాదు.

జీఎంటీ వద్దనుకున్నాక బేరం తేలికైంది. నల్ల డయల్, తెల్ల అంకెలు, మూడు ముళ్లు, అంతే. అసలు పైలట్ వాచీ అంటే అదే. రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ వాచీలకు పెద్ద చావి పెట్టింది చేతి తొడుగులతో తిప్పడానికి. పన్నెండు దగ్గర త్రికోణం గీసింది చీకట్లో వాచీ ఏ దిక్కున ఉందో ఒక్క చూపులో తెలియడానికి. బ్రిటిష్ వాయుసేన కోసం ఐడబ్ల్యూసీ చేసిన మార్క్ 11లో మెషీన్ చుట్టూ మెత్తటి ఇనుప కవచం ఉండేది, కాక్‌పిట్‌లోని అయస్కాంత ప్రభావం తగలకుండా. ఇప్పుడు ఆ బెడద మన జేబులోనే ఉంది. ఫోను స్పీకరు పక్కన, అయస్కాంతం ఉన్న ట్యాబ్ కవరు మీద రాత్రంతా పెడితే మంచి వాచీ కూడా తెల్లారేసరికి నిమిషాలు ముందుకు పోవచ్చు.

వాడింది కొనడం నా దృష్టిలో తెలివైన పనే. కొన్ని రోలెక్స్‌ల సంగతి వేరు గానీ, చాలా కంపెనీల వాచీలు షోరూం గడప దాటగానే ధర పడిపోతాయి. ఆ నష్టం మొదట కొన్నాయన ఖాతాలో పోతుంది. కొనేముందు బాక్సూ కాగితాలూ చూపిస్తారు. అవి చూడాల్సిందే గానీ, ముందు మెకానిక్‌ను చూసుకోవాలి. నేను నచ్చిన వాచీని జోగిపేటలో ఒకాయన దగ్గరికి తీసుకుపోయాను. కంటికి అద్దం పెట్టుకుని ఆయన డయల్ చూడలేదు, పట్టా తగిలించే కొమ్ములు చూశాడు. ‘గీ అంచులు సూడుండ్రి సార్, మస్తుసార్లు పాలిష్ పట్టిండ్రు’ అన్నాడు. నిజమే, కత్తిలా ఉండాల్సిన అంచు అరిగిన సబ్బుబిళ్లలా గుండ్రబడింది. ఆ వాచీ వాపసు ఇచ్చేశాను. తర్వాత తెచ్చినదానికి వెనకమూత తీసి, పళ్లచక్రాల మీద తుప్పు చుక్క లేదని చూసి, నీళ్లు మాత్రం తగలనీయొద్దన్నాడు. మూత కింది రబ్బరు రింగు ఎండిపోయిందట. అదే కొన్నాను.

ఆయన బల్ల మీదనే హెచ్ఎంటీ పైలట్ ఒకటి విప్పి ఉంది. జపాన్ సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన కంపెనీ అది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం దాని వాచీల విభాగం మూతకు ఒప్పుకున్నాక పాతవాటికి గిరాకీ లేచింది. గిరాకీతో పాటు రంగులు కూడా. నారింజ, పచ్చ, నీలం డయల్‌తో పైలట్ అని అమ్ముతుంటే అది చాలామటుకు పాత డయల్ గీకి మళ్లీ అచ్చువేసిందే. అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి. నికార్సైన నల్ల డయల్ పైలట్ దొరికితే స్విస్ వాచీకి పెట్టే డబ్బులో పిసరంతతో పని జరిగిపోతుంది. రోజూ చావి ఇవ్వడానికి ఓపిక ఉండాలి, అంతే.

నా వాచీ ఎప్పుడూ ఇంటి టైంలోనే ఉంటుంది. దుబాయిలో గంటన్నర తీసేసుకుంటాను. లండన్‌కైతే ఆ తీసివేత కూడా అక్కర్లేదు. చలికాలంలో వాచీని తలకిందులుగా పట్టుకుంటే అక్కడి టైం కనిపిస్తుంది. ఇక్కడి మూడు అక్కడి తొమ్మిదిన్నర. గంటల ముల్లు కొంచెం పక్కకు జరిగినట్టుంటుంది గానీ చదవడానికి ఇబ్బంది లేదు. ఎండాకాలం వాళ్లు గంట ముందుకు జరుపుకుంటారు, అప్పుడు ఈ కిటుకు పారదు.

ఖరీదైన వాచీతో దేశం దాటేవాళ్లకు ఇంకో సంగతి. పోయేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకు వాచీ, బిల్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నదా, ఇక్కడ కొన్నదా అని అడిగితే ఆ కాగితం చూపొచ్చు. సీరియల్ నంబరు ఒక్కో వాచీకి ఒక్కో చోట ఉంటుంది, కొన్నింటికి పట్టా కింద దాగి ఉంటుంది. ఎక్కడుందో ఇంట్లోనే వెతికి పెట్టుకుంటే క్యూలో నిలబడి పట్టా ఊడదీసే పని తప్పుతుంది.