ఓపికయా, నేర్పా?

మొన్న మా పాఠశాలలో సహోద్యోగి యొకరు పొందూరు ఖద్దరు ఉత్తరీయమొకటి కొని తెచ్చి చూపిరి. చేతులు మారుచు అది మా యొద్దకు వచ్చినప్పుడు మా నోట వెడలిన మొదటి మాట "ఎంత ఓపిక!" అని. ఇంటికి వచ్చిన పిదప ఆ మాట మాకే రుచింపలేదు. వడికిన యామెను ప్రశంసించితి మనుకొంటిమి గాని, నిజమునకు ఆమె విద్యను ఓపిక క్రింద జమకట్టితిమి.

శ్రీకాకుళము జిల్లాలోని పొందూరులో ఈ పని యెట్లు జరుగునో చదువరులలో కొందఱెఱుగుదురు. గింజతోనున్న కొండపత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వుదురు. దాని సన్నని పండ్లు చెత్తను వేఱుచేసి పోగులను ఒక దారికి దెచ్చును. తరువాత గింజ తీసి, వింటితో నేకి, ఏకులు చేసి, ఎండిన అరటి డొప్పలో భద్రపఱతురు. పిమ్మట రాట్నము. 100వ నంబరు నూలనగా, పౌను బరువునకు 840 గజముల చిలపలు 100; అనగా 84,000 గజములు, 47 మైళ్ళకు పైమాట.

ఇందు ఓపిక లేదనము. కాని ఓపిక యొక్కటియే చాలినచో, అది గలవా రెవ్వరైనను ఆ నూలు తీయగలిగియుందురు. కుడిచేయి చక్రము త్రిప్పుచుండగా ఎడమచేయి ఏకును వెనుకకు లాగుచుండును. పురి తక్కువైన దారము తెగును. ఎక్కువైన మెలికలు పడును. ఆ రెంటి నడిమి చోటు కంటికి గనబడదు, వ్రేళ్ళకే తెలియును. పత్తి తేమగా నున్నదో పొడిగా నున్నదో, పోగు పొడుగో పొట్టియో, దానినిబట్టి ప్రతి లాగునందును ఒక తీర్పు కలదు. తరగతిలో శ్లోకమునకు అన్వయము చెప్పుటలో మే మిన్ని తీర్పులు చేయుదుమా యని సందేహము. దానికి మాత్రము పాండిత్యమని పేరు!

కుశలుడను పదమునకు, చేయి తెగకుండ దర్భ కోసి తెచ్చువాడని వ్యుత్పత్తి చెప్పుదురు. పనియందు కుశలుడను ప్రయోగమును మమ్మటుడు కావ్యప్రకాశమున రూఢిలక్షణకు ఉదాహరణముగా జూపెను. సాహిత్యదర్పణమున విశ్వనాథుడు దాని నంగీకరింపడు. ఆ తగవును ఏండ్ల తరబడి పాఠము చెప్పితిమి గాని, అందున్న గడ్డికోత చేతిని ఒక్కనాడైన తలంపలేదు.

మఱియొక పొగడ్త కలదు: చేతిపనిలో ఎగుడుదిగుడులే యందమని. వినుటకు ఇంపుగా నున్నను మా మతమున అది అవమానమే. నూలు సమముగా వచ్చుటకై ఆమె దినమంతయు పాటుపడగా, తప్పిన చోటును మనము మెచ్చుకొనుచున్నాము! మిల్లు దారమువలె నుండవలెనని మా భావము కాదు. ఆమె దేనిని తప్పనునో ముందు దానిని తెలిసికొనవలదా?

ఇది వట్టి మాటల తగవు గాదు. ఓపిక యనినచో కొద్ది కూలితో సరిపెట్టవచ్చును. నేర్పనినచో దానికి తగిన వెల యీయవలసి వచ్చును. "ఇంట కూర్చుండి వడుకునదే కదా" యను మాట చదువుకొన్న వారి యిండ్లలోనే వినుచున్నాము. ఆ యిండ్లలో వంటకును ఇదే గతి పట్టినది.

మఱునాడు ఆ యుత్తరీయమును మరల అడిగి పుచ్చుకొని, వెలుతురునకు పట్టి చూచితిమి. ఏ పోగు మంచిదో, ఏది కాదో మాకు తెలియలేదు. వేసవి సెలవులలో పొందూరు పోయి, వడుకువారినే అడుగుదమని సహోద్యోగితో చెప్పితిమి.