తడి పాదముద్రతో బూట్లు నిర్ణయించవచ్చునా?

యాదగిరిగుట్టలో స్వాతి నక్షత్రము నాడు జరిగే గిరిప్రదక్షిణలో వేలాది భక్తులు చెప్పులు విడిచి కొండ చుట్టూ నడుస్తారు. తడి కాళ్ళతో నడిచినవారి అడుగుజాడలు పరికించినచో అవి ఒక్క తీరుగా ఉండవు. కొందరి అరికాలు నేలపై నిండుగా పడుతుంది. మరికొందరికి మడమ, వ్రేళ్ళ మొదళ్ళు మాత్రమే స్పష్టముగా పడి, నడుమ సన్నని చార మిగులుతుంది. ఈ భేదమును బట్టి ఎవరికి ఏ బూట్లు తగునో, ఎవరికి కాళ్ళనొప్పులు రాగలవో ముందే చెప్పవచ్చునని ఒక సూత్రము చాల కాలముగా ప్రచారములో ఉన్నది. ఈ సూత్రము ఎంతవరకు నిలుస్తుంది?

ఇది కేవలము పండిత చర్చ కాదు. 2022లో తెలంగాణ పోలీసు నియామకాల ప్రకటనలో పురుషులకు 1600 మీటర్ల పరుగు, స్త్రీలకు 800 మీటర్ల పరుగు నిర్ణయించారు. ఇటువంటి పరీక్షకు సిద్ధపడే పేదింటి యువతీయువకులకు ఒక జత పరుగు బూట్ల వెల చిన్న ఖర్చు కాదు. తప్పు సూత్రమును నమ్మి కొన్నచో డబ్బు పోతుంది. నొప్పికి అసలు కారణము మరుగున పడుతుంది.

సూత్రము చెప్పేది ఇది. కాలు తడిపి కాగితముపై నిలబడవలెను. ముద్ర నిండుగా పడితే అది చదును పాదము. పరుగులో అది లోపలికి వాలుతుంది గనుక లోపలి అంచు గట్టిగా ఉండే బూట్లు కావలెను. నడుమ చార సన్ననైతే వంపు ఎక్కువ. అట్టి పాదము దెబ్బను తట్టుకొనలేదు గనుక మెత్తని బూట్లు కావలెను. రెండింటికీ నడిమి పాదమునకు నడిమి రకము. చూపు పరీక్షించి కళ్ళద్దాలు ఇచ్చినట్లే ఉన్నది గనుక ఈ వాదము వినుటకు ఇంపుగా ఉంటుంది. అయితే తడి ముద్ర నిశ్చలముగా నిలిచిన పాదమును మాత్రమే చూపుతుంది. పరుగెత్తేటప్పుడు అదే పాదము శరీరపు బరువునకు రెండు మూడు రెట్ల ఒత్తిడిని భరిస్తూ, పిక్క కండరాల సాయముతో ముడుచుకొని విచ్చుకొంటుంది. ఆ కదలిక ముద్రలో కనబడదు.

ఈ సూత్రమును అమెరికా సైనిక శిక్షణ కేంద్రాలలో పరీక్షకు పెట్టారు. పదాతి, వైమానిక, మెరైను దళాలలో కొత్తగా చేరినవారిని రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గమునకు పాదముద్రను బట్టి బూట్లు ఇచ్చారు. రెండవ వర్గములో అందరికీ ఒకే రకము ఇచ్చారు. 2009, 2010 సంవత్సరాలలో ఫలితాలు వెలువడ్డాయి. మొత్తము 7203 మందిలో, రెండు వర్గాల గాయాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. 2022లో కోక్రేన్ సంస్థ 12 ప్రయోగాలను, 11,240 మంది వివరాలను సమీక్షించి, పాదపు తీరును బట్టి బూట్లు ఇచ్చినందువలన గాయాలు తగ్గే అవకాశము బహు స్వల్పమనో, లేదనో తేల్చినది.

చదును పాదము దోషమనే భావన కూడ విమర్శకు నిలువదు. 1992లో ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అను వైద్యులు మన దేశములో 4 నుండి 13 ఏండ్ల వయసు గల 2300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. పాదరక్షలు వాడే పిల్లలలో 8.6 శాతమునకు, వాడని పిల్లలలో 2.8 శాతమునకు మాత్రమే చదును పాదాలు కనబడినవి. వంపును నిలబెట్టుటకు బూట్లు తప్పనిసరి అనే నమ్మకమునకు ఇది అనుకూలముగా లేదు.

అట్లని బూట్లు నిష్ప్రయోజనమని చెప్పుటకు వీలులేదు. లక్సెంబర్గులో 372 మందిపై జరిగి 2016లో వెలువడిన ప్రయోగములో, పాదము లోపలికి వాలేవారికి గట్టి అంచు బూట్లు కొంత మేలు చేసినవి. అక్కడనే 848 మందిపై జరిగి 2020లో వెలువడిన మరొక ప్రయోగములో మెత్తని అడుగు గల బూట్లవారికి గాయాలు తక్కువ. కావున కూలినది బూట్ల ఉపయోగము కాదు. తడి ముద్రయే తీర్పు అనే వాదము.

దీనికి ఎదురుగా మరొక అతివాదము కలదు. కెన్యాలో అలవాటుగా వట్టికాళ్ళతో పరుగెత్తేవారు మడమకు బదులు తరచు పాదపు ముందు భాగముతో దిగుతారని, అప్పుడు తొలి తాకిడి తక్కువని 2010లో లీబర్మన్ బృందము చూపినది. దానితో బూట్లే గాయాలకు మూలమని కొందరు ప్రచారము చేశారు. 2013లో ప్రకటితమైన ఒక పరిశీలనలో అనుభవజ్ఞులైన 19 మంది పరుగువారు పది వారాలలో పలుచని అడుగు బూట్లకు మారగా, 10 మందికి పాదపు ఎముకల మజ్జలో వాపు కనబడినది. అలవాటు లేని భారమును త్వరత్వరగా మోపుట ఇక్కడి ప్రధాన లోపము. ఏడాదంతా చెప్పులతో తిరిగి, ఒక్కనాడు కొండ చుట్టూ వట్టికాళ్ళతో నడిచేవారు కూడ ఈ విషయము గమనించదగినది. కొన్నాళ్ళు ముందుగా కొద్దికొద్దిగా నడక పెంచుకొనుట మేలు. మధుమేహముతో పాదాలకు స్పర్శ తగ్గినవారు వైద్యుని అడగనిదే వట్టికాళ్ళతో నడువరాదు; ఎండలో కాగిన రాతిపై కాలినా వారికి తెలియదు.

ఇక మిగిలిన సలహాలు సాదాసీదావి. పాదాలు కొంత ఉబ్బే సాయంకాలము బూట్లు కొనవలెను. రెండు పాదాలు కొలిచి పెద్దదానికి సరిపోయే జత ఎన్నుకొనవలెను. పొడుగు వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. మడమ జారరాదు. అంగడిలోనే నాలుగడుగులు నడిచి, హాయిగా ఉన్నదే కొనవలెను. పరుగు దూరము మెల్లగా పెంచవలెను. ఎముకపై ఒకేచోట నొప్పి నిలిచిపోతే పరుగు ఆపి వైద్యునికి చూపవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో పిల్లలచే తడి పాదముద్రలు తీయించవచ్చును. నిండు ముద్రలెన్నో, నడిమివెన్నో, సన్ననివెన్నో లెక్కించి పట్టిక వేయించవలెను. ఆ పక్కనే నొప్పి ఉన్నవారి సంఖ్యను కూడ వ్రాయించి, రెండింటికీ సంబంధమున్నదో లేదో పిల్లలనే చూడమనవచ్చును. ముప్పది నలుబది మంది లెక్కతో సిద్ధాంతము స్థిరపడదు, కూలదు. అందుకు వేలమందిని పరీక్షింపవలసి వచ్చినదెందుకో మాత్రము వారికి స్వయముగా తెలిసివస్తుంది.